పులివెందుల బస్సులో గుర్రం

జమ్మలమడుగు బస్టాండులోకి పులివెందుల బస్సు వచ్చి ఆగేలోపలే సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి. మనుషులు ఎక్కేది ఆ తరువాత. ముందు ఎక్కేవి తువ్వాళ్లు. కిటికీలోనుంచి విసిరిన తువ్వాలు ఏ సీటు మీద పడితే ఆ సీటు ఆ తువ్వాలు గలవాడిది. దీనికి రిజిస్ట్రేషను అక్కరలేదు, సాక్షుల సంతకాలు అక్కరలేదు. తువ్వాలు లేనివాళ్లు చేతిరుమాలు వేస్తారు, అదీ లేనివాళ్లు టిఫిను సంచి వేస్తారు. ఒకసారి ఒకాయన చెప్పు వేశాడు. ఆ సీటులో కూడా ఇంకొకరు కూర్చోలేదు. హక్కు హక్కే.

ఈ చట్టం ఊరందరికీ చేతనవును, దేవపాలుకు తప్ప.

దేవపాలుకు యాభై ఆరేళ్లు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ముత్తాత కాలంలో మిషను దొరసాని దగ్గర అక్షరాలు నేర్చుకున్న కుటుంబం. అక్షరాలతోపాటు 'ముందు మీరు' అనే మాట కూడా నేర్చుకున్నారు. తరతరానికీ అక్షరాలు పెరిగాయి, ఆ మాటా పెరిగింది, దేవపాలు దగ్గరికి వచ్చేసరికి ముదిరిపోయింది. దిగేవాళ్లు దిగిన తరువాతే ఎక్కవలెనని బస్సు తలుపు పక్కన రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని చదివి పాటించిన ప్రయాణికుడు ఈ జిల్లాలో ఆయనొక్కడే అని నా అనుమానం.

ఇరవై ఏడేళ్లు ఇంటికి ఐదు నిమిషాల దూరంలో పనిచేసిన మనిషిని నిరుడు పులివెందులకు బదిలీ చేశారు. పోయేటప్పుడు గంటన్నర పైన, వచ్చేటప్పుడు గంటన్నర పైన. ఆగస్టులో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. అంతవరకు ఆటోల్లో మోకాళ్లు ముడుచుకుని పోయినవాళ్లంతా, న్యాయంగానే, బస్సెక్కారు. ఉన్న కాస్త ఆశా పోయి దేవపాలు నిలువుకాళ్ల ప్రయాణికుడయ్యాడు.

నాదీ పులివెందులలోనే ఉద్యోగం, అదే బస్సు. మా స్నేహానికి ఇరవై ఏళ్లు. డ్రైవరు వెనక మూడో కిటికీ నాది, నా తువ్వాలు గురి తప్పదు. దేవపాలు వచ్చి నా పక్కన నిలబడగానే నాకు గాఢంగా నిద్ర పట్టేస్తుంది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ లేచి సీటివ్వడం కంటే సిగ్గుపడటం తేలిక కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబరులో ఆ సంగతి జరిగింది. హజరాబీ అని, అరవై దాటిన మనిషి, పులివెందుల వీధుల్లో గాజులమ్ముతుంది. బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే దానితోపాటు పరుగెత్తి, ఒక ఎర్ర గుడ్డ విసిరి సీటు పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. గాజులు గుచ్చిన తాళ్ల మోపును మలారం అంటారు. ఆ మలారాన్ని పసిబిడ్డలాగా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆరోజు దేవపాలు ఆమె పక్కన నిలబడి ఉన్నాడు. పైనున్న కమ్మీ పట్టుకోలేదు. అక్కడ ఎవరో ఆడమనిషి చెయ్యి ఉంది, తగులుతుందేమోనని మర్యాదకు మానేశాడు. ముద్దనూరు దగ్గర బర్రెలు అడ్డం వచ్చాయి, డ్రైవరు బ్రేకు తొక్కాడు, మర్యాద తిన్నగా పోయి హజరాబీ ఒళ్లో కూర్చుంది.

బస్సంతా గాజులు చిట్లిన చప్పుడు విన్నది. ఆ తరువాత హజరాబీ గొంతు విన్నది.

"ఏం సారూ, నాది దుడ్లు లేని టికెట్టు, నీది దుడ్లు పెట్టి కొన్న టికెట్టు. సీటు మీద కూచోవాల గానీ నా మీద కూచుంటే ఎట్ల?"

"క్షమించమ్మా, బ్రేకు పడింది."

"బ్రేకు అందరికీ పడింది గదప్పా. అందరూ వాళ్ల కాళ్ల మీదనే ఉండారు. నీ కాళ్లు యాడ పెట్టొచ్చినావు?"

దేవపాలు ఇంకా ఏదో సంజాయిషీ చెప్పబోయాడు. కండక్టరు కాత్యాయని టికెట్ల మిషను చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చింది.

"సార్, లేచి మాట్లాడండి సార్. ఇంకా ఆమె ఒళ్లోనే ఉండారు."

ఆదివారం చర్చిలో పాస్టరుగారు పడిపోయినవాళ్ల గురించి ప్రసంగం మొదలుపెట్టగానే నాలుగు వరుసలవాళ్లు దేవపాలు వైపు తిరిగి చూశారు. అంటే కథ అంతవరకూ చేరిందన్నమాట. ఇక ఇంటికి చేరకుండా ఉంటుందా? దేవపాలు భార్య నిర్మల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెడ్ నర్సు. ముప్పై ఏళ్లుగా రోగులను, డాక్టర్లను ఒకే గొంతుతో అదుపులో పెడుతున్న మనిషి.

"ఎన్ని గాజులు పగిలినాయి?" అని అడిగింది.

"రెండు డజన్లు. పగిలినవాటికి ఇచ్చేసినా."

"నీకేం పగల్లేదు గదా?"

"ల్యాదు."

"ఈసారి తుంటి పగుల్తాది. ఈ వయసులో తుంటి పగిలినోళ్లను నేను శానామందిని చూసినా. సీటన్నా సంపాదించు, ల్యాకుంటే పులివెందుల్లో రూమన్నా తీసుకో. గుడ్ ఫ్రైడే దాకా చూస్తా. అది దాటితే రూమే."

రూము అనే మాట దేవపాలును నిజంగా భయపెట్టింది. వంట రాకపోవడం ఒక్కటే కాదు, సర్వీసు ఇంకా ఆరేళ్లుంది. పెళ్లయినప్పటినుంచీ సాయంత్రం ఏడున్నరకు నిర్మల డ్యూటీ దిగి వచ్చి, వాకిట్లో రెండు కుర్చీలు వేసి, ఆరోజు ఆసుపత్రిలో ఎవరు ఎవరినేమన్నారో గొంతులు మార్చి చెబుతుంది. దేవపాలు వింటాడు. ఆయన జీవితంలో వినోదమంటే అదే. పులివెందుల రూములో రెండో కుర్చీ ఉండదు. ఉన్నా, మాట్లాడదు.

అలాంటి సమయంలో పేపరు మడతలోంచి ఒక కరపత్రం జారిపడింది. కరాటే నేర్చుకోండి, జీవితాన్ని మార్చుకోండి అని పైన. ధైర్యం, ఏకాగ్రత, ఆరోగ్యం, సమాజంలో గౌరవం అని కింద. మధ్యలో ఒక కుర్రవాడు గాలిలో ఎగిరి ఎవరినో తన్నుతున్న బొమ్మ. మనమైతే దాన్ని బీరువా అరలో పరుస్తాం. దేవపాలు ప్రభుత్వోద్యోగి. కాగితం వచ్చిందంటే దానిమీద ఏదో ఒక చర్య తీసుకోవాలి.

మరునాడు బస్సులో నన్ను నిద్రలేపి మరీ చూపించాడు.

"ఏమప్పా, దీంట్ల బస్సు సీటు గురించి ఏం రాయల్యా."

"ధైర్యం అని ఉంది గదా. దాంట్లోకే వస్తాదిలే" అని చెప్పి మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఒక మనిషి జీవితాన్ని నేను మలుపు తిప్పిన సందర్భం ఇదొక్కటే.

క్లాసు ఒక ఫంక్షన్ హాలు భోజనాల గదిలో, తెల్లవారుజామున ఐదున్నరకు. ముందురోజు పెళ్లి జరిగి ఉంటే నేలమీద నెయ్యి జిడ్డుండేది. ఆరోజు ఎవరూ ఎవరినీ కొట్టకుండానే అందరూ పడేవారు. మాస్టరు సాయికిరణ్‌కు ఇరవై ఎనిమిదేళ్లు, పగలు జిరాక్సు షాపు. ఒకప్పుడు ఏదో కాగితం కోసం దేవపాలు ఆఫీసుకు పోతే, సంతకం గడి దాటిందని మూడుసార్లు వెనక్కి పంపాడట దేవపాలు. సాయికిరణ్ అది మరిచిపోలేదు. దేవపాలుకు గుర్తే లేదు.

ఆయన పొట్టకు సరిపడే తెల్ల డ్రస్సు జమ్మలమడుగులో లేక ప్రొద్దుటూరు నుంచి తెప్పించారు. చీకటిపొద్దున ఆ తెల్లబట్టల్లో పోతున్న దేవపాలును చూసి వీధిలోవాళ్లు బాప్తిస్మానికి పోతున్నాడనుకున్నారు. రెండోసారి ఎందుకో అడగడానికి మొహమాటపడ్డారు. క్లాసులో బెల్టు రంగును బట్టి వరుస. తెల్లబెల్టు కాబట్టి ఆయన ఎనిమిదేళ్ల పిల్లల వెనకాల, చిట్టచివర.

మొదటిరోజే చిక్కొచ్చింది. గోడమీద ఈ విద్యకు ఆద్యుడైన జపాను పెద్దాయన ఫొటో ఉంది. పాపం ఆ పెద్దాయన ఊహించి ఉండడు గానీ, సాయికిరణ్ వాళ్లమ్మ ఆయన నుదుట కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, ఊదుబత్తి గుచ్చింది. క్లాసు మొదట్లో అందరూ ఆ ఫొటోకు వంగాలి.

"నాయనా, మా ఇంట్లో తాతముత్తాతల కాడి నుంచి పటానికి మొక్కల్యా" అన్నాడు దేవపాలు మెల్లగా.

"మొక్కడం కాదు సార్, మర్యాద."

"బొట్టు పెట్టినారు గదా నాయనా."

సాయికిరణ్ ఫొటో వైపు చూశాడు. ఆ మాట కొట్టివేయడానికి లేదు. "సరే, పక్కన స్విచ్ బోర్డు ఉంది. మీరు దానికి వంగండి. కానీ ఎదురుగా నిలబడిన మనిషికి వంగేదానికి మీకేమన్నా అడ్డముందా?"

"మనిషికైతే ల్యాదు."

"అయితే మనిషికి మాత్రం మరవకూడదు. పోటీకి ఎవరు ఎదురొచ్చినా ముందు వంగాల, తరువాతే ఏదైనా. మరిస్తే ఇరవై గుంజీళ్లు."

రెండోవారంలో ఒకసారి మరిచాడు. పద్నాలుగు మంది పిల్లలు పైకి లెక్కపెడుతుండగా యాభై ఆరేళ్ల సీనియర్ అసిస్టెంటు ఇరవై గుంజీళ్లు తీశాడు. ఆ తరువాత ఇక మరవలేదు. పాలాయనకు వంగేవాడు, ఆఫీసులో ఫైలు తెచ్చిన అటెండరుకు వంగేవాడు. ఆ అటెండరు ఏదో తప్పు జరిగిందనుకుని రెండురోజులు సెలవు పెట్టాడు.

మిగతా విద్య అంతగా సాగలేదు. అరుస్తూ గుద్దాలన్నారు. దేవపాలు చర్చి గాయకబృందంలో పాడేవాడు కాబట్టి ఆ అరుపు రాగం తీసుకుని బయటికొచ్చేది, పిల్లలు నవ్వాపుకోలేక కూర్చుండిపోయేవారు. తన్నమంటే కాలు మోకాలి ఎత్తు లేచి, అక్కడ పునరాలోచనలో పడేది. ఈ మనిషికి తుంటి విరిగితే హెడ్ నర్సుకు జవాబు చెప్పుకోవాలని సాయికిరణ్‌కు దిగులు పట్టుకుంది.

"మీకు తన్నులొద్దు సార్. హార్స్ స్టాన్సు ఒక్కటి చాలు. ఆ మూలన నిలబడండి."

కాళ్లు ఎడంగా చాపి, మోకాళ్లు వంచి, కనపడని గుర్రం మీద ఎక్కినట్టు కదలకుండా నిలబడటమే హార్స్ స్టాన్సు. పిల్లలంతా ఎగిరి తన్నుకుంటుంటే దేవపాలు ఐదునెలలు మూలన గుర్రమెక్కి నిలబడ్డాడు. అది జాగ్రత్తో, మూడుసార్లు వెనక్కి పంపినదానికి బదులో సాయికిరణ్ ఇప్పటికీ చెప్పడు. హర్షిత అనే తొమ్మిదేళ్ల నారింజబెల్టు పిల్లకు ఆయనను నెట్టే పని అప్పగించాడు.

"తాతా, మోకాలు ఇంకా వంచు. నా దిక్కు చూడొద్దు, గోడ దిక్కు చూడు" అని చెప్పి మరీ నెట్టేది హర్షిత. మొదట్లో వేలితో తోస్తే పడేవాడు. క్రిస్మసుకు రెండు చేతులు కావలసి వచ్చాయి. మార్చికి ఆ పిల్ల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దుకుని, తానే వెనక్కి పడి, ఈ తాత బాగలేడని మాస్టరుకు ఫిర్యాదు చేసింది.

ఇంత జరిగినా బస్సులో సీటు మాత్రం దొరకలేదు. ఎందుకంటే ఆయన ఇంకా దిగేవాళ్లు దిగేదాకా ఆగుతూనే ఉన్నాడు. గుడ్ ఫ్రైడే వారంలోకి వచ్చేసింది. నిర్మల పులివెందులలో ఒక రూము చూసి పెట్టింది కూడా. కిటికీ ఉందట, నీళ్లొస్తాయట. ఆ వివరాలు ఆమె నర్సు గొంతుతో చెప్పడం దేవపాలుకు మరీ దిగులు కలిగించింది.

మట్టల ఆదివారం మరునాడు, సోమవారం పొద్దున, జీవితంలో మొదటిసారి దేవపాలు తువ్వాలు విసిరాడు. కళ్లు మూసుకుని విసిరాడు. అయినా అది కిటికీలోంచి పోయి సరిగ్గా ఒక ఖాళీ సీటు మీద పడింది. మరుక్షణం రెండో వైపు కిటికీలోంచి ఎర్రగుడ్డ ఒకటి వచ్చి దానిమీద పడింది.

ఒకే సీటుమీద రెండు గుడ్డలు. మన చట్టంలో దీనికి సమాధానం లేదు.

ముందు తలుపు నుంచి దేవపాలు, వెనక తలుపు నుంచి మలారంతో హజరాబీ, సీటుకు అటూ ఇటూ వచ్చి నిలబడ్డారు. కాత్యాయని టికెట్లు కొట్టడం ఆపింది. నేను ఆరోజుకు నిద్ర మానుకున్నాను.

"పక్కకు జరుగు సారూ. నా గుడ్డ ముందు పడింది."

"ల్యాదమ్మా. నీది పైన ఉంది, నాది కింద ఉంది. కింద ఉండేదే ముందు పడినట్టు."

ఇరవై ఎనిమిదేళ్లు ఫైళ్లలో ఏ కాగితం ముందు వచ్చిందో చూసిన కన్ను అది. అంతకు మించి, దేవపాలు ఒక మనిషి మాటను కాదన్నాడు. హజరాబీ రెండు గుడ్డల వంకా చూసింది, నోరు తెరిచింది, మాట దొరకక మూసింది. ఆమె నోరు అలా మూతపడటం ఆ రూటులో ఎవరూ చూసి ఉండరు. సీటు దేవపాలుదే. కూర్చుంటే చాలు.

ఆయన కూర్చోలేదు. ఎదురుగా పోటీకి మనిషి నిలబడి ఉంది. ఆరునెలల అలవాటు, ఇరవై గుంజీళ్ల భయం. మడమలు దగ్గరికి చేర్చాడు, చేతులు తొడలకు ఆనించాడు, చూపు నేలకు దించి నిండుగా, నిదానంగా వంగాడు. లేచేసరికి హజరాబీ సీటులో సర్దుకుని, మలారం ఒళ్లో పెట్టుకుని, ఆయన తువ్వాలు మడిచి ఆయన చేతికిచ్చింది.

"మర్యాదస్తుడివి సారూ. ఈ కాలంలో ఇట్ల వంగి మరీ సీటిచ్చేది ఎవురు?"

బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి నవ్వాను, స్నేహితుణ్ణి కదా. దేవపాలు తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. ఆయన కళ్ల ముందు పులివెందుల రూమూ, దాని కిటికీ కనబడుతున్నాయని నాకు తెలుసు. కమ్మీ మీద ఆరోజు కూడా ఆడవాళ్ల చేతులున్నాయి. ఆయన కాళ్లు ఎడంగా చాపి, మోకాళ్లు వంచి, ఎదురుగా అద్దం వైపు చూస్తూ నిలబడిపోయాడు.

ముద్దనూరు దగ్గర ఈసారి గొర్రెలు. మంద మొత్తం రోడ్డెక్కింది. డ్రైవరు తొక్కిన బ్రేకుకు నిలబడినవాళ్లంతా ఒక్క అలలాగా ముందుకొచ్చారు. ఒకరిమీద ఒకరు, సంచులు, క్యారియర్లు, చివరికి ఆ రూటులో పదేళ్లుగా పడని కాత్యాయని కూడా. ఆ అల వచ్చి దేవపాలు వీపుకు గుద్దుకుని అక్కడ ఆగింది. ఆయన కదలలేదు. కావాలని కూడా కాదు, గోడ దిక్కు చూడమన్న హర్షిత మాట ప్రకారం చూస్తున్నాడు, బ్రేకు పడిన సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఎనిమిది మంది ఆయన చొక్కా పట్టుకుని వేలాడుతున్నారు. ఆయనకు ముందు ఒక్క జానెడు దూరంలో, హజరాబీ ఒళ్లో, మలారం చెక్కుచెదరలేదు.

హజరాబీ గాజులను చేత్తో తడిమి చూసుకుంది. తరువాత ఆయన కాళ్ల వైపు చాలాసేపు చూసింది.

"నీ కాళ్లు యాడ పెట్టొచ్చినావని ఆపొద్దు అడిగినా గదా సారూ. దొరికినట్టుండాయి."

"దొరికినాయమ్మా" అన్నాడు దేవపాలు, అద్దం మీదినుంచి చూపు తీయకుండా.

ఆ సాయంత్రం ఏడున్నరకు నిర్మల డ్యూటీ దిగి రాగానే చెప్పాడు.

"సీటు దొరకల్యా. ఇంక దొరకదు. నాకు అక్కరల్యా."

"పడి ఏమన్నా తలకు తగిలిందా?"

"నన్ను నెట్టు."

నిర్మల చేతిసంచి బల్లమీద పెట్టింది. వంటింటి మధ్యలో మొగుడు కనపడని గుర్రమెక్కి నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో నెట్టింది. రెండు చేతులతో నెట్టింది. ముప్పై ఏళ్లు రోగులను స్ట్రెచరు మీదికి ఎక్కించిన భుజంతో నెట్టింది. చెప్పకుండా వెనకనుంచి కూడా ఒకసారి నెట్టింది, అది న్యాయం కాదు. తరువాత ఫోను తీసి రూము వాళ్లకు వద్దని చెప్పింది. వాకిట్లో రెండు కుర్చీలు వేసింది. ఆరోజు కథ ఆసుపత్రిది కాదు, బస్సుది. ఇరవై తొమ్మిదేళ్లలో మొదటిసారి దేవపాలు చెప్పాడు, నిర్మల విన్నది. వంగిన ఘట్టం దగ్గర ఆమె నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. పట్టుకున్నది ఆయనే.

ఎండాకాలంలో ప్రొద్దుటూరులో బెల్టు పరీక్ష జరిగింది. తన్నడంలో తప్పాడు, అరవడంలో తప్పాడు. నిలబడటంలో పరీక్షకు వచ్చిన ముగ్గురు మాస్టర్లు కలిసి నెట్టినా కదలలేదు, వాళ్లలో ఒకాయనే నడుము పట్టేసి కూర్చున్నాడు. పసుపుబెల్టు ఇచ్చి పంపేశారు. కరపత్రంలో రాసిన నాలుగు లాభాలను దేవపాలు ఆఫీసు పద్ధతిలో సరిచూసి, ఆరోగ్యం పక్కన టిక్కు పెట్టాడు. ధైర్యం పక్కన పరిశీలనలో ఉన్నది అని రాశాడు.

ఇప్పుడు ఆయనతో ఇంకో బాధ. బడులకు సెలవులున్న రోజుల్లో బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోడు. నడవా మధ్యలో కాళ్లు చాపి నిలబడతాడు. "కూచోండి సార్, దోవకు అడ్డముండారు" అని కాత్యాయని బతిమాలుతుంది. ప్రాక్టీసు తప్పిపోతుందంటాడు. హజరాబీ అయితే మలారం ఒళ్లో బరువని తీసి ఆయన మోచేతికి తగిలిస్తుంది. ఒకప్పుడు రెండు డజన్లు చిట్లగొట్టిన మనిషి చేతికి. సమాజంలో గౌరవం అంటే ఇదేనా అని ఆయన నన్నడిగాడు. నేను నిద్రపోయాను.

మొన్న బుధవారం ముద్దనూరులో బస్సు ఆగకముందే జనం మూగారు. సీట్లన్నీ జమ్మలమడుగులోనే నిండిపోయాయి. కిందినుంచి ఒకామె, చంకలో బిడ్డ, లోపలికి తొంగి చూసి, చేతిలోని తువ్వాలును కిటికీలోంచి గురిచూసి విసిరింది. అది తిన్నగా వచ్చి దేవపాలు భుజం మీద పడింది.

వెంటనే ఇంకొకాయన వచ్చి, పట్టుకుని నిలబడదామని అదే భుజం మీద చెయ్యి వేయబోయాడు.

"యాడ పెడ్తాండావప్పా చెయ్యి?" అంది హజరాబీ సీట్లోంచి. "తువ్వాలు కనపడ్తా ల్యా?"

ఆయన సిగ్గుపడి, చెయ్యి తీసేసి, రెండో భుజం ఖాళీ ఉందేమో చూశాడు.